ముందే వద్దన్నవాడు

ఉద్యోగానికి నన్ను ఎంచుకున్నారని తెలియక, తీసేశారనుకుని తొమ్మిది రోజులు ముఖం చాటేసిన మనిషిని నేను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్య దుబాయ్ కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్లలో మోసపోయినవాళ్లున్నారు, మెడికల్‌లో తప్పినవాళ్లున్నారు, విమానం దాకా పోయి తిరిగొచ్చినవాళ్లున్నారు. ఉద్యోగాన్ని తెచ్చి చేతిలో పెడితే దాన్ని పెట్టె అడుగున దాచినవాణ్ణి మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్ణే. ఈ ఘనతలో వాటా అడగడానికి ఎవరూ రారు కాబట్టి మొత్తం నా పేరునే రాసుకుంటున్నాను.

నా జబ్బుకు పేరు లేదు, లక్షణం ఒక్కటే. ఎవరైనా నన్ను కాదంటారేమో అన్న అనుమానం రాగానే, పాపం వాళ్లకెందుకు శ్రమ అని, నన్ను నేనే కాదనేసుకుని వచ్చేస్తాను. పెళ్లి విందులో కూర బకెట్ పట్టుకున్నవాడు నా వరుసలోకి అడుగు పెట్టకముందే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. వాడు నన్ను దాటేసిపోతే ఆ చిన్నతనం ఎక్కడ మోసేది? అట్లా చుట్టాల్లో 'తక్కువ తింటడు' అని మంచి పేరొచ్చింది. ఇంటికొచ్చాక సద్ది గిన్నె అడుగు గీకే చప్పుడు చుట్టాలకు వినిపించేది కాదు మరి. బస్సులో ఒకాయన పక్క సీట్లో సంచి పెట్టుకుంటే, తియ్యమని అడగలేక, సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా ఆ సంచికి కాపలాదారులా నిలబడి వచ్చిన రోజులున్నాయి.

పెళ్లిచూపుల సంగతి చెబితే మీరే నవ్వుతారు. కోరుట్లలో ఆ అమ్మాయి నన్ను ఒక్కసారి చూసి తల పక్కకు తిప్పుకుంది. నాకు తీర్పు అర్థమైపోయింది. అందరికంటే ముందు బయటికొచ్చి చెప్పులు తొడుక్కుని, బస్టాండులో బాపును పక్కకు పిలిచాను.

"బాపూ, ఆల్లు మనల్ని వద్దంటరు. మనమే ముందుగాల వద్దని కబురు పంపుదాం. ఇజ్జతన్న దక్కుతది."

బాపు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఓరి పిచ్చోడా! నువ్వు చెప్పులు దేవులాడుకుంటున్నప్పుడే లగ్గం ఎప్పుడు వెడ్దామని ఆల్లే అడిగిండ్రు."

తల ఎందుకు తిప్పుకున్నావని పెళ్లయ్యాక నా భార్యను అడిగాను. "పొయ్యి మీద పాలు పొంగుతున్నయి. నిన్ను జూసుకుంట కూసుంటే పాలెవలు దించాలె?" అంది.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. కథలాపూర్ దగ్గర మా ఊళ్లో, తాటివనంలో. బాపుది గీత పని. ఒక్కో గీత కార్మికుడి చెట్ల కింద కొందరు వాడుకగా కూర్చుంటారు. బాపు చెట్ల కింద రోజూ కూర్చునేవాళ్లలో ఒక రైతు ఉండేవాడు. చుట్టం కాకపోయినా నాకు వరుసకు మామ. దొప్పలో కల్లు పోయగానే మామ ఒక గుక్క తాగి, కళ్లు చికిలించి, లోకమంతా వినేటట్టు ఒకటే మాట అనేవాడు.

"పులిసింది."

అని, కల్లు కుండ, అదే లొట్టి, ఖాళీ అయ్యేదాకా తాగేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు. మళ్లీ పులిసేది. పోసేది నేనే కావడంతో, ఆ మాట పడగానే కల్లును కాదు నన్నే ఉమ్మేసినట్టు అనిపించి చెట్ల చాటుకు పోయేవాణ్ణి. బాపు మాత్రం నవ్వేవాడు.

"కొడుకా, బాగుందన్నోడు ఇయ్యాల అస్తడు, రేపు ఇంకో చెట్టు కిందికి పోతడు. పులిసిందన్నోన్ని జూడు, ఇన్నేండ్ల సంది ఒక్క పూట తప్పలే."

నాకు ఆ మాట ఎక్కలేదు. గీత పని నేర్చుకోకుండా సిరిసిల్ల పోతుంటే, చెట్టెక్కాలంటే భయమని అందరికీ చెప్పాను. నిజానికి నా భయం చెట్టు మీద లేదు. చెట్టు కింద, దొప్ప పట్టుకుని కూర్చునేది.

సిరిసిల్లలో సాంచాల మీద పనికి కుదిరాను. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. నాలుగు సాంచాల మధ్య నిలబడితే పక్కవాడు చెవిలో అరిచినా వినిపించదు. నాలాంటివాడికి అంతకంటే సుఖమైన చోటు ఏముంది? ఎవరు కాదన్నా వినపడదు! నేసిన బట్టను యజమాని మనిషి ఒకడు బల్ల మీద పరిచి లోపాలు వెతికేటప్పుడు మాత్రం నేను చాయ్ తాగడానికి పోయేవాణ్ణి. చాయ్ మీద ప్రేమ కాదు. ఆ మనిషి వేలు ఎక్కడ ఆగుతుందో చూసే ధైర్యం లేక.

ఇంట్లో నా భార్య బీడీలు చుట్టేది. ఒళ్లో చాట పెట్టుకుని ఆమె, ముఖం చాటేసి నేను, మా సంసారం అట్లా సాగింది. ఆమె కార్ఖానాకు కట్టలు తీసుకుపోతే అక్కడి మనిషి బాగాలేవని కొన్నింటిని ఏరి పక్కన పడేసేవాడు. దాన్ని ఛాట్ అంటారు. ఒకసారి నేనూ వెంట పోయాను. అతను పిడికెడు బీడీలు పక్కకు తీయగానే నేను గుమ్మం దాటాను. ఆమె దాటలేదు.

"గిదేం ఛాట్? నీ మీసం కన్న సక్కగున్నది. మల్ల జూడు."

లోపల నవ్వులు. పిడికెట్లో సగం వెనక్కి వచ్చింది. మిగిలిన సగాన్ని ఆమె అక్కడే మరిచిపోయి, దారిలో చింతకాయలు కొనుక్కుంది. అంతమందిలో అట్లా ఏరేస్తే బాధ కాలేదా అని అడిగాను.

"ఆయన బీడీని ఛాట్ జేసిండు. నన్ను జెయ్యలే గద!"

ఇది కూడా నాకు ఎక్కలేదు. నాకు ఆలస్యంగా ఎక్కేవి చాలా ఉన్నాయి, కోరుట్ల బస్సుతో సహా.

తర్వాత సాంచాలు ఆగాయి. ఆర్డర్లు లేవన్నారు. ఒక వారం సగం షెడ్డు, మరుసటి వారం మొత్తం షెడ్డు. సాంచాలు ఆగిన చోట సంచులు లేచాయి. ఒకరు భివండి, ఒకరు సూరత్, చాలామంది దుబాయ్. దేశమేదైనా మా దిక్కు అంతా దుబాయే. పోలేక మిగిలినవాళ్లలో కొందరి ఇళ్లు ఆ రోజుల్లో ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యాయి. ఆ నిశ్శబ్దం మీద నాకు హాస్యం రాదు. మా గది గోడకు అవతల కూడా అలాంటిదే ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంటాయన ప్రాణం తీసుకున్న వారం తర్వాత, "పాస్‌పోర్టు దియ్యి" అంది నా భార్య. అంతకుమించి ఏమీ అనలేదు.

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద ఇంటర్వ్యూ. గల్ఫ్‌లో పెద్ద లాండ్రీ, ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని. మెట్ల నిండా మనుషులు. ఏజెంటు ఆఫీసు క్లర్కు అందరి పాస్‌పోర్టులు జమ చేసుకున్నాడు. అక్కడ ఇంటర్వ్యూలకు తిరిగిన ప్రతివాడికీ తెలిసిన శాస్త్రం ఒకటుంది: నీ బుక్కు వాళ్ల దగ్గర ఉంటే నువ్వు ఉన్నట్టు, నీ చేతికొస్తే నువ్వు పోయినట్టు. నోటితో కాదని ఎవరూ అనరు. బుక్కు తిరిగిస్తారు. అంతే.

లోపల టై కట్టుకున్న అరబ్బు సారు ఒక దుప్పటి చేతికిచ్చి మడతపెట్టమన్నాడు. దుప్పటి ముట్టుకోగానే నా చేతులు నాకంటే ముందు నడిచాయి. మడతపెడుతూ పెడుతూ ఒకచోట ఆగి, "సాబ్, ఇక్కడ దారం తెగింది" అని వేలుపెట్టి చూపించాను. సారు కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ముఖం చిట్లించి, ఏదో రాసుకున్నాడు. పని అడగడానికి వచ్చి వాళ్ల దుప్పటికే ఛాట్ పెట్టేవాణ్ణి ఎవడు తీసుకుంటాడు!

మధ్యాహ్నానికల్లా చాలామంది బుక్కులు తిరిగొచ్చాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు తల వంచుకుని మెట్లు దిగిపోయారు. ఏడుగురం మిగిలాం. నా గుండె సాంచాలా ఆడుతోంది. అప్పుడు క్లర్కు బయటికొచ్చి మొదట నా ముందుకే వచ్చాడు. నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, మిగిలినవాళ్ల వైపు తిరిగాడు.

ఇంకేం చూడాలి? అతను రెండోవాడి దగ్గరకు పోయేలోపల నేను మెట్లు దిగేశాను. బుక్కులో మడిచిన కాగితం ఒకటి ఉందని వేలికి తగిలింది. కాదన్న సంగతి మళ్లీ కాగితం మీద చదవడం ఎందుకు? ప్లాస్టిక్ కవర్లో వేసి, కవరును సంచిలో, సంచిని ఒళ్లో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. నేను మెట్లు దిగాక అతను మిగిలిన ఆరుగురికీ బుక్కులిచ్చి, ఏం చేయాలో అందరికీ కలిపి చెప్పాడని నాకు తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి "ఇంక చెప్పలే" అన్నాను. కవరును పెట్టెలో బట్టల అడుగున తోశాను. మూడో రోజు నుంచి చిన్న ఫోనుకు ఆఫీసు నంబరు రావడం మొదలైంది. నేను ఎత్తలేదు. కాదని చేతిలో పెట్టింది చాలక, ఫోను చేసి మరీ చెబుతారా! ఐదోసారి మోగాక ఫోను బందు చేసి, ఛార్జింగ్ పోయిందన్నాను. నన్ను తీసుకుపోవడానికి వాళ్లు వెంటపడుతుంటే నేను పారిపోతున్నాను. అంత గట్టిగా నా వెంట అంతకుముందు ఎవరూ పడలేదు. సంగతి తెలిసి ఉంటే కాస్త మురిసిపోయేవాణ్ణి.

తొమ్మిదో రోజు పొద్దున్నే నా భార్య రేషన్ కార్డు కోసం పెట్టె తెరిచింది. నేను వాకిట్లో ముఖం కడుక్కుంటున్నాను. ఆమె కాగితం పట్టుకుని గడపలోకి వచ్చింది.

"ఏందయ్యా ఇది?"

"ఏంది?"

"చదువుత ఇను. ఎంపికైన వారు పదకొండు గంటలకు పాస్‌పోర్టుతో కోరుట్ల ఆఫీసుకు రావలెను. మెడికల్‌కు బండి అక్కడి నుంచి బయలుదేరును. తారీఖు..." ఆగి, గోడ మీది క్యాలెండర్ చూసింది. "తారీఖు ఇయ్యాలనే!"

ముఖం మీద సబ్బు అట్లాగే ఉంది. "బుక్కు తిరిగిచ్చిండ్రు గద..."

"మెడికల్‌కు బుక్కు ఉండద్దా? నీ మొకం జూసి పరీక్ష జేస్తరా? నడువ్!"

సబ్బు తుడుచుకున్నానో లేదో గుర్తులేదు. వేములవాడలో బస్సు మారి, కోరుట్ల బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె నా చెవి వెనక నురగను కొంగుతో తీసింది. ఆమెకు కోపం, నవ్వు రెండూ ఒకేసారి వస్తున్నాయి. నాకు మాత్రం ఒళ్లంతా ఏదో పొంగుతోంది. నన్ను కావాలన్నారు! తొమ్మిది రోజుల కిందటే కావాలన్నారు! బస్సులో ప్రతివాడికీ కాగితం చూపించాలనిపించింది. పొలాలు, గుట్టలు, పసుపు చేన్లు అన్నీ నాకంటే ముందు కోరుట్లకు పరిగెత్తుతున్నట్టున్నాయి.

కథలాపూర్ దాటేముందు టైరు పేలింది. డ్రైవరు దిగి చూసి, వేరే బస్సు రావాలన్నాడు. టైము పది దాటింది.

"అడుగు," అంది నా భార్య, రోడ్డు చూపిస్తూ.

"ఎవల్ని?"

"ఎవలొస్తే ఆల్లని."

నా జీవితంలో అంత కష్టమైన పని లేదు. జీపు వచ్చింది. చెయ్యెత్తాను. జాగ లేదన్నాడు. రెండోవాడు బండి ఆపనే లేదు. ట్రాక్టరువాడు తన దారి వేరన్నాడు. నాలుగోవాడు మోటారు సైకిలు వెనక భార్యను ఎక్కించుకుని వస్తూ ఆగి, "నువ్వేడ గూసుంటవు, నా నెత్తి మీదనా?" అని నవ్వుకుంటూ పోయాడు.

నేను వెనక్కి తిరిగాను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెడుతోంది.

"నాలుగు ఛాట్. బీడీ కట్టల ఇరువై అయిదుంటయి. ఇంక శానున్నయి, అడుగు."

నవ్వొచ్చింది. అప్పుడే గమనించాను. జీపువాడు కాదన్న బాధ ఎక్కడుందని వెతికితే దొరకలేదు. బండి లేపిన దుమ్ము దిగేలోపల అదీ దిగిపోయింది. ఐదోవాణ్ణి నేనే రోడ్డు మధ్యలోకి పోయి ఆపాను.

వాడు కాదు, ఆయన. పాత మోపెడ్ మీద, తలకు తువ్వాల చుట్టుకుని, పులిసిన మామ.

"మామా, కోరుట్ల దాక తోలుకపోవా? పదకొండుకు అందాలె."

"గీ బండి నన్నే మోస్తలేదు. నిన్నేం మోస్తది? పో."

కాళ్లు అలవాటుగా పక్కకు జరిగాయి. వీపులో ఆమె వేలు గుచ్చుకుంది.

"మొయ్యకపోతే దిగి నూకుత మామా."

మామ కళ్లు చికిలించాడు. కల్లు గుక్క తాగినప్పటి చూపే. "గట్లన్నవా? ఎక్కు మరి."

నా భార్య బాపు దగ్గరకు పోతానని అక్కడే నిలబడిపోయింది. ఆమె ఊపిన చెయ్యి మలుపు దాకా కనిపించింది. మోపెడ్ రెండు చోట్ల ఎత్తు ఎక్కలేకపోయింది. రెండుసార్లూ దిగి నూకాను. ఆయాసపడుతూ మళ్లీ ఎక్కి, ఇన్నేళ్లు గొంతులో ఉన్న మాట అడిగేశాను.

"మామా, బాపు కల్లు రోజు గంత పులుస్తదా?"

"ఎవలన్నరు?"

"నువ్వే! ఇన్నేండ్ల సంది!"

ఆయన నవ్వుకు మోపెడ్ అడ్డదిడ్డంగా నడిచింది. "ఓరి పిచ్చి అల్లుడా! బాగుందని నలుగుట్ల అంటే నలుగురు అస్తరు. అప్పుడు నాకు లొట్టి అడుగే మిగుల్తది. గీ ముచ్చట మీ బాపుకు జెప్పకు."

గాలికి కళ్లలో నీళ్లొచ్చాయి. గాలికే. నా చిన్నప్పటి పొద్దులన్నీ చెట్ల చాటున దాక్కున్నది ఇందుకన్నమాట. ఒక ముసలాయన దాహానికి నా లోపాలతో ఏ సంబంధమూ లేదు.

కోరుట్ల ఆఫీసు ముందు వ్యాను ఇంజిన్ నడుస్తోంది. క్లర్కు నన్ను చూసి చేతిలో జాబితాతో తల కొట్టుకున్నాడు.

"ఇప్పుడొస్తున్నవా? ఎన్ని ఫోన్లు జేసినం! నీ జాగల వేరేటోన్ని పెట్టినం. అయిపాయె, పో."

ఇదీ అసలైన 'కాదు'. అనుమానం కాదు, ఊహ కాదు, పెద్ద గొంతుతో, నలుగురి ముందు. దీని నుంచే ఇన్నేళ్లుగా పారిపోతున్నాను. ఎదురుగా నిలబడితే ఏమవుతుందని చూశాను. ఏమీ కాలేదు. కాళ్లు కాళ్లలాగే ఉన్నాయి.

"ఆ వేరేటోడు అచ్చిండా?" అని అడిగాను.

క్లర్కు జాబితా చూశాడు, రోడ్డు చూశాడు. "ఇంక రాలే."

"రాకపోతే నేనే ఆ వేరేటోన్ని."

"బండిల సీటు లేదు."

"గేరు డబ్బా మీద గూసుంట."

"మొండోనివి గద నువ్వు!"

నన్ను ఇంతవరకు ఎవరూ మొండివాడనలేదు. మెడలో దండ వేసినంత సంతోషమైంది. పదకొండూ పది దాకా చూశారు. ఆ మనిషి రాలేదు. బహుశా ఎక్కడో తన పాస్‌పోర్టును పెట్టె అడుగున దాచుకుని ఉంటాడు, నాలాంటివాడే అయితే. తలుపు మూస్తూ క్లర్కు చెప్పాడు, "దుప్పటిల తెగిన దారం జూపెట్టినోడు నువ్వే గద? సారు నీ పేరే ముందుగాల రాసిండు." గేరు డబ్బా కాలుతోంది. నాకు సింహాసనం మీద కూర్చున్నట్టే ఉంది.

మెడికల్ దాటింది. రెండేళ్లు దుప్పట్లు మడతపెట్టి మొదటి ఛుట్టీకి వచ్చాను. సిరిసిల్లలో సగం సాంచాలు మళ్లీ నడుస్తున్నాయి. వచ్చిన మర్నాడు పొద్దున్నే తాటివనానికి పోయాను. బాపు మొదటి చెట్టు కల్లు దించి, రెండో చెట్టెక్కి గీస్తున్నాడు. కింద ఏడెనిమిది మంది. మామ తన చోట తాను, దొప్ప చాపుకుని. నేను తెచ్చిన సెంటు బుడ్డి అప్పటికే వాసన చూసి "ఘాటు" అనేశాడు.

లొట్టి నేనే అందుకున్నాను. మామ దొప్పలోకి వంచబోయి, ఆగి, ముందు నేనే ఒక గుక్క తాగాను. కళ్లు చికిలించాను.

"పులిసింది మామా. నీకు పోస్తే పాపం. రేపు రా."

లొట్టి పక్కన పెట్టేశాను. మామ దొప్ప గాల్లోనే ఉంది.

"ఏందీ? ఎవలన్నరు పులిసిందని?"

"నేనే. దుబాయ్ నాలిక మామా, జెర నాజూకు."

"నీ నాలికె మన్నువడ! మీ బాపు కల్లు పులుసుడేంది? గీ చుట్టు ఊర్లల్ల ఇంత తియ్యటి కల్లు ఏడున్నది? దొప్పల పొయ్యి!"

"వినవడలే మామా. ఇంక గట్టిగ జెప్పు, చెట్టు మీదికి వినవడాలె."

మామ తలెత్తి చెట్టు చూశాడు. నన్ను చూశాడు. దొప్పను చూసుకున్నాడు. చివరికి ముక్కుతూ మూలుగుతూ అరిచాడు.

"మంచిగుందయ్యా! శాన మంచిగుంది!"

పైన కత్తి చప్పుడు ఆగింది. కొంచెంసేపటికి మళ్లీ మొదలైంది, ముందుకంటే తేలిగ్గా.

మామకు రెండు దొప్పలు నిండుగా పోశాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు కల్లు కొంచెం పులిసే ఉంది.